చేర్చేవారున్నారు, పరీక్షించేవారేరి?

కోసిగి మండలంలోనో హొళగుంద చుట్టుపక్కలో ఒక ఇల్లు అనుకుందాం. ఇరవై రెండేళ్ల కొడుకు పది రోజులుగా కన్ను మూయలేదు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం విసిరికొడుతున్నాడు. తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. నిన్న రాత్రి తమ్ముడి మీదికి కట్టె ఎత్తాడు. డాక్టరు దగ్గరికి పోదాం రా నాయనా అంటే, నాకేం రోగం అని ఎదురు తిరుగుతున్నాడు. ఆ తల్లి ఎవరి దగ్గరికి పోవాలి? కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఈ ప్రశ్నకు అలవాటైన జవాబులు చాలానే ఉన్నాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. గుడిలోనో దర్గాలోనో నిద్ర చేయిస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత నిద్ర సూది వేయిస్తారు. ఏదీ పని చేయకపోతే ఎస్సై దగ్గరికి పోయి ‘నాలుగు దినాలు లోపల పెట్టండి సార్’ అని బతిమాలుతారు. అన్నిటికంటే ఆఖరున గుర్తొచ్చేది కర్నూలు పెద్దాసుపత్రి.

ఒక మనిషిని అతని ఇష్టానికి వ్యతిరేకంగా మానసిక వైద్యశాలలో చేర్చమని అడిగే హక్కు ఎవరికి ఉంది? అలా అడిగినప్పుడు అందులో నిజమెంతో తేల్చే బాధ్యత ఎవరిది? 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పింది. మొదటి జవాబు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ తేలిగ్గానే చేరింది. కుటుంబాలు, పోలీసులు, మేజిస్ట్రేట్లు ఇక్కడే ఉన్నారు కదా. రెండో జవాబు కోసం మాత్రం ఆదోని మనిషి దాదాపు వంద కిలోమీటర్లు పోవాలి. ఈ వ్యాసం ఆ దూరం గురించే.

ముందు చట్టం ఎంత మారిందో చూడాలి. బ్రిటిష్ వారు 1912లో చేసిన ఉన్మాదుల చట్టం కింద భర్తో, భార్యో, మరో బంధువో మేజిస్ట్రేట్‌కు అర్జీ పెట్టి, రెండు డాక్టరు సర్టిఫికెట్లు జతచేస్తే ఆసుపత్రిలో నిర్బంధించే ఉత్తర్వు వచ్చేది. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం ఆ పద్ధతిని చాలావరకు నిలుపుకుంది. పైగా మేజిస్ట్రేట్ దాకా పోకుండానే బంధువు గానీ స్నేహితుడు గానీ కోరితే, రెండు వైద్య ధ్రువపత్రాల మీద 90 రోజుల వరకు ఉంచుకునే వీలు కల్పించింది. అంటే అడిగినవాడి మాటకే బరువెక్కువ. అన్నదమ్ముల మధ్య భూమి తగాదా, భార్యాభర్తల మధ్య విడాకుల గొడవ, ఇంట్లో ఒప్పుకోని పెళ్లి, వీటిలో ఏదైనా ఒక అర్జీ వెనుక దాగి ఉండవచ్చు. అర్జీ అందుకున్న మేజిస్ట్రేట్‌కు ఆ ఇంటి లోపలి సంగతి తెలిసే దారి ఉండదు.

2017 చట్టం ఈ బరువును అవతలి పక్కకు మార్చింది. రోగి తరఫున అడగగలిగేది నామినేటెడ్ ప్రతినిధి ఒక్కరే. ఆ ప్రతినిధి ఎవరో ముందుగా ఎంచుకునే హక్కు కూడా రోగిదే. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఎవరినీ ఎంచుకోకపోతే బంధువు, బంధువు లేకపోతే సంరక్షకుడు, వారూ లేకపోతే ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు నియమించిన వ్యక్తి, అదీ కుదరకపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్ ఆ పాత్ర పోషించాలి. ప్రతినిధి అడిగినా సరిపోదు. చేరే రోజున గానీ అంతకు ముందు ఏడు రోజుల్లో గానీ ఇద్దరు విడివిడిగా రోగిని పరీక్షించాలి. అందులో ఒకరు తప్పనిసరిగా మానసిక వైద్య నిపుణుడై ఉండాలి. ఆ మనిషి ఈమధ్య తనకు తాను హాని తలపెట్టాడనో, ఇతరుల మీద దౌర్జన్యానికి దిగాడనో, తన బాగోగులు చూసుకోలేక ప్రమాదంలో పడ్డాడనో ఇద్దరూ ఎవరికి వారుగా తేల్చాలి. అప్పుడు కూడా గడువు 30 రోజులే. చేర్చుకున్న సంగతి ఏడు రోజుల్లో, స్త్రీలూ మైనర్ల విషయంలో మూడు రోజుల్లో, సమీక్ష బోర్డుకు తెలపాలి. 30 రోజులు దాటి ఉంచాలంటే బోర్డు అనుమతి కావాలి.

ఇందులో కొందరు మానసిక వైద్యులకే నచ్చని సంగతులున్నాయి. కాగితాల పని పెరిగిందని, తనకు జబ్బే లేదని నమ్మే రోగిని కాపాడుకోవడం కష్టమైపోయిందని వారంటారు. ఆ మాటలో నిజముంది. తీవ్రమైన మానసిక రుగ్మతల్లో తనకు జబ్బుందన్న ఎరుక పోవడమే జబ్బులో ఒక భాగం, చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అయినా అడిగే హక్కును మళ్లీ పదిమందికి పంచిపెట్టడం దీనికి మందు కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కెన్నెత్ డొనాల్డ్‌సన్‌ను 1957లో తండ్రి అర్జీ మీద ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆయన ఎవరికీ హాని చేసే మనిషి కాదు. బయటకు పంపమని ఎన్నిసార్లు అడిగినా వినక దాదాపు 15 ఏళ్లు అక్కడే ఉంచారు. ప్రమాదకారి కాని, తన బతుకు తాను బతకగల మనిషిని ఊరికే నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి లేదని అక్కడి సుప్రీంకోర్టు 1975లో చెప్పేదాకా ఆ సంగతి లోకానికి పట్టలేదు. తండ్రి దురుద్దేశంతోనే అర్జీ పెట్టాడనుకోనక్కర్లేదు. పెట్టిన అర్జీని మళ్లీ తెరిచి చూడాల్సిన బాధ్యత ఎవరి మీదా లేకపోవడమే పదిహేనేళ్లు తినేసింది.

మన దగ్గర ఇలాగే కోర్టు కలగజేసుకోవాల్సి వచ్చిన ఉదంతం విశాఖపట్నంలో జరిగింది. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ కె. సుధాకర్ 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి దెబ్బ తగిలిన రోజుల్లో, మాస్కులూ రక్షణ దుస్తులూ లేవని బహిరంగంగా మాట్లాడారు. ఏప్రిల్ 8న సస్పెండయ్యారు. మే 16న విశాఖలో జాతీయ రహదారి మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టి, చొక్కా లేకుండా, ఆటోలో ఎక్కించి తీసుకుపోతున్న దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేస్తున్నాడని పోలీసులు చెప్పారు. కింగ్ జార్జ్ ఆసుపత్రి కేజీహెచ్‌కు, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. హైకోర్టు జోక్యం చేసుకుని న్యాయాధికారిని ఆసుపత్రికే పంపి ఆయన వాంగ్మూలం తీసుకోమంది. ఒంటి మీది గాయాల గురించి ఆ నివేదికా ప్రభుత్వ నివేదికా పొసగలేదు. మే 22న కేసును సీబీఐకి అప్పగించింది. ఆయన్ను విడిచిపెట్టాలని హెబియస్ కార్పస్ పిటిషన్ పడ్డాకే, జూన్ మొదటి వారంలో, సూపరింటెండెంట్‌కు చెప్పి వెళ్లిపోవచ్చని కోర్టు తేల్చింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, డాక్టర్ సుధాకర్ గుండెపోటుతో చనిపోయారు.

ఆయనకు జబ్బు ఉందా లేదా అన్నది ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. ఆ చర్చలో పడి అసలు ప్రశ్న పక్కకు పోయింది. రోడ్డు మీద ఒక మనిషిని పట్టుకున్న పోలీసు అధికారం ఎక్కడ ఆగిపోవాలి? చట్టంలోని నూరో సెక్షన్ ఇందుకు చాలా స్పష్టమైన గీత గీసింది. తిరుగాడుతూ తన బాగోగులు చూసుకోలేని స్థితిలో ఉన్నవారిని గానీ, మానసిక జబ్బు వల్ల తమకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్నవారిని గానీ స్టేషన్ అధికారి తన రక్షణలోకి తీసుకోవచ్చు. ఎందుకు తీసుకుంటున్నారో ఆ మనిషికి, అతను అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే అతని ప్రతినిధికి, చెప్పాలి. 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. అక్కడితో పోలీసు పని అయిపోయినట్టే. చేర్చుకోవాలా వద్దా అన్నది డాక్టరు మాట. అక్కర్లేదని డాక్టరు అంటే ఆ మనిషిని ఇంటికి దిగబెట్టి రావాల్సింది కూడా పోలీసులే. ఇల్లూ వాకిలీ తెలియని మనిషి దొరికితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ రాసి, అతని వాళ్లను వెతకాలి.

ఇదే చట్టంలోని మూడో సెక్షన్ మరో గీత గీసింది. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను బట్టి గానీ, కులమతాలను బట్టి గానీ, పదిమంది నడిచే తీరుకో ఉద్యోగంలోని విలువలకో అతను లొంగలేదన్న కారణం చేత గానీ జబ్బు ఉందని తీర్మానించకూడదు. గతంలో చికిత్స తీసుకున్నాడన్నది ఒక్కటే ఇప్పుడు జబ్బు ఉందనడానికి ఆధారం కాదు. సస్పెండైన డాక్టరు, అధికారుల మీద అర్జీలు పెట్టే రైతు, అత్తింటికి తిరిగి పోనని మొండికేసిన కోడలు, వీళ్లందరికీ ఆ సెక్షనే రక్ష.

విశాఖ ఉదంతంలో నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఆసుపత్రిలో ఉంచడం సబబా కాదా అన్నది తేల్చడానికి రాష్ట్ర హైకోర్టు దిగి రావాల్సి వచ్చింది. జిల్లా స్థాయిలో సమీక్ష బోర్డు చేయాల్సిన పని అది. జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడు, కలెక్టర్ ప్రతినిధి, మానసిక వైద్యుడు, మరో వైద్యుడు, వీరితోపాటు రోగులుగానో సంరక్షకులుగానో ఆ అనుభవం ఉన్న ఇద్దరు అందులో కూర్చోవాలని చట్టం రాసుకుంది. సుధాకర్‌కు హైకోర్టు తలుపు తెరుచుకుందంటే వెనుక వీడియో ఉంది, డాక్టరన్న పేరు ఉంది, రాజకీయ పక్షాల గొంతు ఉంది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీని అదే తీరున పట్టుకుపోతే వీడియో తీసేవారుండరు. అమరావతికి పిటిషన్ రాసేవారుండరు. అతనికి దిక్కు బోర్డు ఒక్కటే, ఆ బోర్డు ఎక్కడ కూర్చుంటుందో అతని ఇంటివాళ్లు ఎన్నడూ విని ఉండరు.

పశ్చిమ కర్నూలుకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఖరీఫ్ పంట చేతికి వచ్చినా రాకపోయినా ఆ పనులు ముగియగానే ఈ ప్రాంతపు పల్లెలు ఖాళీ అవుతాయి. గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాల పనికి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే? వెంట తీసుకుపోతే అక్కడ మందులు దొరకవు, చూసుకునేవారు ఉండరు. వదిలిపెట్టి పోతే డెబ్బై ఏళ్ల తల్లో, బడి మానేసిన చెల్లెలో కాపలా ఉండాలి. మైనరైన చెల్లెలు చట్టప్రకారం ప్రతినిధి కాలేదు. ముసలి తల్లి కాగలదు గానీ కొడుకును ఒంటరిగా కర్నూలు తీసుకుపోలేదు. అలాంటి ఇళ్లలో గొలుసు బయటికి వస్తుంది. గుంజకు కట్టేసి పనికి పోయిన తల్లిదండ్రులను రాక్షసులనడం తేలిక. వాళ్లు ఎక్కే మెట్లన్నీ ఎక్కి దిగి వచ్చాక కట్టేసిన గొలుసు అది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులు విడిపించుకోలేక 28 మంది మంటల్లో కాలిపోయినప్పుడు దేశం ఉలిక్కిపడింది. ఇప్పుడు చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదంటోంది. నిషేధం సరైనదే, కాకపోతే గొలుసు తీశాక ఆ తల్లి చేతికి ఏమిచ్చామో కూడా చెప్పాలి.

ఇరుగుపొరుగు పాత్ర ఏమిటన్నది చాలామందికి తెలియదు. పక్కింటి మనిషి గోల చేస్తున్నాడు, ఆసుపత్రిలో వేయండని అడిగే హక్కు పొరుగువారికి లేదు, ఉండకూడదు కూడా. అయితే జబ్బు మనిషిని ఇంట్లో కొడుతున్నారనో, పట్టించుకోకుండా వదిలేశారనో నమ్మకంగా తెలిస్తే ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలని నూటొకటో సెక్షన్ అంటుంది. పోలీసులు మేజిస్ట్రేట్‌కు నివేదించాలి. మేజిస్ట్రేట్ ఆ మనిషిని పరీక్షకు పంపవచ్చు, అవసరమైతే పది రోజుల దాకా వైద్యశాలలో ఉంచి చూడమనవచ్చు. ఆదోని కోర్టులోనూ ఎమ్మిగనూరు కోర్టులోనూ ఉన్న న్యాయాధికారులకు ఈ అధికారం ఉంది. ఊరివాళ్లకు ఈ సంగతి తెలిసిన చోట గొలుసులు ఎక్కువ కాలం దాగవు.

ఇంట్లో ఆడమనిషికి జబ్బు వస్తే లెక్క వేరేగా ఉంటుంది. మగవాడిని తాళ్లతో కట్టి అయినా ఆసుపత్రికి తీసుకుపోతారు, ఆడమనిషిని పుట్టింటి గడపలో దింపేసి పోతారు. ఆసుపత్రి చీటీ విడాకుల ఫైలులోకి చేరుతుంది. జబ్బు ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమని, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత రుజువు కావాలని సుప్రీంకోర్టు 2013లో ఒక తెలుగు దంపతుల కేసులోనే చెప్పింది. భర్తే బంధువు హోదాలో ప్రతినిధి అయ్యే చోట, స్త్రీల విషయంలో మూడు రోజుల్లోనే బోర్డుకు తెలపాలన్న నియమం ఉట్టి లాంఛనం కాదు. వినే బోర్డు లేకపోతే ఆ మూడు రోజులకు విలువ లేదు.

మరి దగ్గరలో ఏం చేయవచ్చు? అత్యవసర చికిత్సకు సంబంధించిన తొంభై నాలుగో సెక్షన్ నా దృష్టిలో పడమటి ప్రాంతానికి అన్నిటికంటే పనికొచ్చేది, అన్నిటికంటే తక్కువ వాడుతున్నది. ప్రాణానికో ఆరోగ్యానికో కోలుకోలేని నష్టం జరిగేలా ఉన్నప్పుడు, తనకో ఇతరులకో తీవ్ర హాని చేసేలా ఉన్నప్పుడు, రిజిస్టరైన ఏ వైద్యుడైనా, ఏ ఆసుపత్రిలోనైనా, చివరికి ఇంటి దగ్గరైనా చికిత్స మొదలుపెట్టవచ్చు. ప్రతినిధి అందుబాటులో ఉంటే ఒప్పుకోలు తీసుకోవాలి. గడువు 72 గంటలు, లేదా దానికి ముందే రోగిని మానసిక వైద్యశాలలో పరీక్షించేదాకా. దీనికి మానసిక నిపుణుడే ఉండాలన్న షరతు లేదు. పోలీసు కాగితం అక్కర్లేదు. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. కానీ పోలీసు కాగితం తెస్తేనే పిచ్చివాళ్లను చేర్చుకుంటారన్న పాత నమ్మకం రోగుల ఇళ్లలోనూ ఉంది, క్యాజువాలిటీ గదుల్లోనూ ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రుల్లో రాత్రి డ్యూటీ డాక్టరుకు ఏ సూది ఎంత మోతాదులో వేయాలో, ఏ ఫారం నింపాలో, కర్నూలులో ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉంటే సగం ఇళ్లు స్టేషన్ మెట్లు ఎక్కనక్కర్లేదు.

ఇది సాధ్యమేనని దేశానికి చూపించింది మన పొరుగు జిల్లా. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 1985లో బళ్లారి జిల్లాను ఎంచుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణనిచ్చి, మానసిక జబ్బులకు పల్లెల్లోనే చికిత్స నడిపించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి అనుభవమే పునాది. తొలి విడతలో దేశం మొత్తం మీద నాలుగు జిల్లాలు తీసుకుంటే ఉమ్మడి రాష్ట్రం నుంచి మెదక్ అందులో ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లావే. ఆ సరిహద్దు గీత గీయకపోయి ఉంటే ఆ ప్రయోగం మన ఊళ్లలోనూ జరిగేది. ఇప్పటికీ ఆదోని వాసికి బళ్లారి, కర్నూలు కంటే దగ్గర. కన్నడం, ఉర్దూ, తెలుగు కలగలిసిన ఈ పట్టణంలో చాలామంది వైద్యానికి అటే బస్సెక్కుతారు. అయితే రాష్ట్రం దాటి చేరిన రోగి విషయంలో ఏ బోర్డుకు తెలపాలో, ఇంటికి ఎవరు దిగబెట్టాలో, మందులు ఎక్కడ కొనసాగించాలో అంతా చిక్కుముడే.

2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు, లెక్కకు వచ్చేది 0.75. ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లోనే. ఆ లెక్క మారేదాకా ఆదోనిలో నిపుణుడు రోజూ కూర్చోవాలని నేను కోరడం లేదు. వారానికి రెండు రోజులు కర్నూలు మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగం నుంచి ఒకరు ఆదోనికి, ఒక రోజు ఎమ్మిగనూరుకు రావాలి. నెలకోసారి సమీక్ష బోర్డు ఆదోని కోర్టు భవనంలో కూర్చోవాలి. అనేక జిల్లాలకు ఒకే బోర్డు ఉండవచ్చన్న వెసులుబాటు చట్టంలో ఉంది గానీ, ఒకే ఊళ్లో కూర్చోవాలన్న షరతు లేదు. బోర్డుకు ఎలా మొర పెట్టుకోవాలో మూడు భాషల్లో ఆసుపత్రి గోడ మీదా స్టేషన్ గోడ మీదా రాయించాలి. ఈ చట్టం కింద రోగికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది, ఆ సంగతి అతనికి చెప్పడం పోలీసు, మేజిస్ట్రేట్, ఆసుపత్రి అధికారుల విధి. మానసిక సహాయానికి ఫోన్ చేయాల్సిన టెలిమానస్ నంబరు 14416 కూడా అక్కడే ఉండాలి. సుగ్గికి బయలుదేరే ముందు జబ్బు మనిషి చేతనే, బాగున్న రోజున, తెల్లకాగితం మీద ప్రతినిధి పేరు రాయించుకునేలా ఆశా కార్యకర్తలు సాయపడాలి. నియమాలు తప్పి చేర్చుకున్నవారికి మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు గానీ పదివేల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చని చట్టం చెబుతోంది, ఆ మాట ప్రైవేటు నర్సింగ్ హోంల దాకా చేరాలి.

అన్నిటికంటే ముందు మందుల సంగతి. బలవంతంగా చేర్చిన మనుషుల్లో చాలామంది అదివరకే ఒకసారి చేరి, కోలుకుని, ఇంటికి వచ్చి, నెల తర్వాత మాత్రలు ఆగిపోయినవారే. కర్నూలు పోయి రావడానికి ఒకరోజు కూలీ, ఇద్దరి బస్సు చార్జీ పోతాయి కాబట్టి మళ్లీ పోరు. ఆ మాత్రలు మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా దొరకాలి. వలస పోయే ఇంటికి మూడు నెలల మందులు ఒకేసారి చేతికివ్వాలి. గుంటూరు మిరప పొలాల పక్కన గుడారం వేసుకున్న రోగి అక్కడి ఆరోగ్య కేంద్రంలో పాత చీటీ చూపిస్తే, నీది ఏ జిల్లా అని అడగకుండా మళ్లీ మందులు ఇవ్వాలి. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వుతో చేయగల పని ఇది.